తిమ్మిరెక్కిన చేతులు

ఫిబ్రవరి 6, గురువారం

చేతి మీద తల పెట్టుకుని పడుకున్నట్టున్నాను. కుడిచేతి నాలుగు వేళ్ళకూ పొద్దెక్కేదాకా తిమ్మిరి వదల్లేదు. కొబ్బరినూనెలో పసుపు రంగరించి పట్టించాను. గుడ్డలు ఉతికాక సర్దుకుంది.

మెడ పట్టేసిందని పాస్టరమ్మ వచ్చింది. పట్టాను. "సలాఫై, నీ చేయి పడ్డాక ఇక ప్రార్థనతో పనేముంది" అని నవ్వింది. పాస్టరుగారు వినలేదు, నయం.

ఫిబ్రవరి 9, ఆదివారం

గుడి నుంచి వచ్చి అందరం భోజనాలకు కూర్చున్నాం. చేప ఒలుస్తుంటే ముల్లు దిగింది. చేమదుంప మీద రక్తం కనబడ్డాకనే చూసుకున్నాను.

"ఏంటే, ఇవాళ దుంపలు ఎర్రగా పండాయి?" అన్నాడు అపేలు అన్నయ్య. అందరూ నవ్వారు. ఊరి సభలో మా కుటుంబం పేరు మీద కూర్చునే పెద్దమనిషి, ఇంట్లో మాత్రం చిన్నపిల్లాడే. నేనూ నవ్వాను. చిన్న ముల్లు, అందుకే తెలియలేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

ఆసుపత్రి నుంచి నర్సు లోసా ఒక పసిదాన్ని పంపింది. తల్లి చేతిలో చీటీ. "పిన్నీ, ఇది నాది కాదు, నీది." పదేళ్ళుగా ఇదే మా ఒప్పందం. సమోవా జబ్బు నాది, పలాంగీ జబ్బు తనది. తెల్లవాళ్ళ మందు పనిచేసేది తను చూస్తుంది. బెణుకులు, పసిపిల్లల ఏడుపులు, కడుపులో దారితప్పినవి నేను చూస్తాను. నాకు అనుమానం వస్తే నేనూ పంపుతాను. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పు పంపలేదు. ఒక్కటీ తప్పు ఆపలేదు.

పసిదాని కడుపు నిమిరాను. నిద్రపోయింది.

పోయినేడు లోసా నా వేలు పొడిచి చక్కెర ఉందంది. మాత్రలిచ్చింది. పెట్టెలో ఉన్నాయి. వాటికి బదులు నేను నోను కాయల రసం తాగుతున్నాను, పొద్దున్నే, ముక్కు మూసుకుని. మందులు పట్టే మనిషే మాత్రలు మింగుతుంటే వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?

ఫిబ్రవరి 26, బుధవారం

ఎడమచేయి కూడా. వానల వల్ల.

మార్చి 4, మంగళవారం

బస్సు డ్రైవరు నడుం పట్టేసి వంగి వంగి వచ్చాడు. "అమ్మా, నా సీటు నన్ను వదిలినా నేను దాన్ని వదల్లేకపోతున్నా" అని మూలుగుతూనే హాస్యాలు. బోర్లా పడుకోబెట్టాను. ముడి ఎక్కడుందో వెంటనే దొరకలేదు. తల పక్కకు తిప్పి పడుకో నాయనా అన్నాను. వాడి ముఖం చూస్తూ నొక్కుకుంటూ వెళ్ళాను. కనుబొమ్మ ముడిపడ్డచోట ఆగాను. అక్కడే. గంటలో నిటారుగా నడిచి వెళ్ళాడు.

వేళ్ళకంటే ముఖమే బాగా చెబుతుంది. అమ్మ ఈ సంగతి నాకెందుకు నేర్పలేదో. ఈమధ్య అందరికీ ఇలాగే చూస్తున్నాను. ఇదొక కొత్త విద్య అనుకోవాలి.

మార్చి 18, మంగళవారం

ఐలీని కోడల్ని తీసుకొచ్చింది. ఐలీనీ నేనూ ఒకే బల్ల మీద కూర్చుని అక్షరాలు దిద్దినవాళ్ళం. ఆమె కొడుకు మోసే కిందటేడు అవతలి దీవి నుంచి ఈ పిల్లను చేసుకొచ్చాడు. పేరు వలేలియా. ఇరవై మూడేళ్ళు. ఆరో నెల. రెండుసార్లు వాంతి అయిందట, కడుపులో నొప్పట.

"చూడవే సలాఫై, మీ అమ్మ చేయే నీది. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు."

"ఎక్కడమ్మా నొప్పి?" అన్నాను.

"అంతటా, పెద్దమ్మా. అంత లేదులే" అంది ఆ పిల్ల, అత్త వైపు చూసి.

తోఆలా జారినట్టుంది. బొడ్డు కింద చేపపిల్లలా కొట్టుకునేది బిడ్డ బరువుకు పక్కకు తప్పుకుని ఉంటుంది. నూనె వేసి, కింది నుంచి పైకి మెల్లగా నడిపించాను. ముఖం చూశాను. నవ్వుతోంది. ఎక్కడ చేయి పెట్టినా నవ్వుతోంది. మంచి ఓర్పు.

మార్చి 19, బుధవారం

మళ్ళీ వచ్చారు. నొప్పి కుడివైపు అంది ఇవాళ.

అమ్మ చెప్పిన పరీక్ష చేశాను. చేతికింద కడుపు చెక్కలా బిగుసుకుంటే అది మనది కాదు, ఒక్కసారి కూడా నొక్కకు, ఆసుపత్రికి పంపెయ్ అనేది అమ్మ. వేళ్ళు ఆనించాను. బిగుసుకోలేదు. ఆరో నెల కడుపు ఎలాగూ కొంచెం గట్టిగానే ఉంటుంది. బిగుసుకోలేదు.

"ఆసుపత్రికి తీసుకెళ్ళమంటావా?" అంది ఐలీని.

"రేపు చూద్దాం" అన్నాను.

మార్చి 20, గురువారం

ఒళ్ళు వెచ్చగా ఉందని ఐలీని చెప్పింది. నుదుటి మీద చేయి వేశాను. నాకైతే తెలియలేదు. నీళ్ళు బాగా తాగించమన్నాను. ఆకు నూరి పట్టు వేశాను.

"నొప్పిగా ఉంటే చెప్పమ్మా, సిగ్గుపడకు."

"లేదు పెద్దమ్మా. బాగుంది." నవ్వింది.

నమ్మొచ్చు. ముఖం అబద్ధం చెప్పదు.

మార్చి 21, శుక్రవారం

తగ్గింది! పొద్దున కూర్చోబెట్టి పట్టుతుండగానే ఒక్కసారి ఊపిరి వదిలి, "పెద్దమ్మా, పోయింది. నొప్పి పోయింది" అంది. నిజంగా నవ్వింది, ఈసారి కళ్ళతో సహా. కోకో అడిగి తాగింది. ఐలీని నా మెడ కౌగిలించుకుని ఏడ్చేసింది. "నువ్వు లేకపోతే ఏమైపోదుమే!"

తోఆలా ఇంటికొచ్చింది. నా చేతులు ఇంకా నావే. అనవసరంగా బెంగపడ్డాను.

సాయంత్రం గుడిలో పాట పాడాను. చాలా రోజుల తర్వాత గొంతు పైకి లేచింది.

మార్చి 22, శనివారం

పొద్దున్నే మోసే కేకలు. నేను వెళ్ళేసరికి చాప మీద ముడుచుకుని ఉంది. ముఖం బూడిదలా ఉంది. నవ్వడం లేదు. లోసా పరుగున వచ్చి కడుపు మీద అరచేయి ఆనించి, వెంటనే తీసేసింది. నా వైపు చూసింది.

"పిన్నీ, ఇది రాయిలా ఉంది. నీకు తెలియలేదా?"

"నిన్న లేదు" అన్నాను.

బస్సు డ్రైవరు బస్సులో సీట్లు ఖాళీ చేయించి ఓడ దగ్గరికి తీసుకెళ్ళాడు. అవతలి దీవిలో పెద్దాసుపత్రి. నేనూ వస్తానన్నాను. "నువ్వెందుకే, ఇప్పటికే అలిసిపోయావు" అంది ఐలీని.

నిన్న లేదు అన్నాను.

మార్చి 30, ఆదివారం

వారంగా ఏమీ రాయలేదు. ఎవరినీ పట్టలేదు. జ్వరం అని చెప్పాను.

ఐలీని ఫోన్ చేసింది. కడుపులో పేగుకొస ఒకటి చీము పట్టి పగిలిందట. పగిలినప్పుడు నొప్పి ఒక్కసారి పోయినట్టు అనిపిస్తుందట, డాక్టరు చెప్పాడట. పిల్ల బతికింది. లోపలి బిడ్డ దక్కలేదు. మగబిడ్డ.

ఆ శుక్రవారం పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు. ఎందుకో తెలియదు.

ఏప్రిల్ 7, సోమవారం

వచ్చేశారు. మధ్యాహ్నం ఐలీని బుట్టెడు చేమదుంపలూ, రెండు సీమపనసకాయలూ, కోడినీ పట్టుకుని మా ఇంటికొచ్చింది. నాకు. కృతజ్ఞతకు!

"ఇవి తీసుకెళ్ళవే" అన్నాను.

"నోర్ముయ్. నాలుగు రోజులు నీ పనులు మానుకుని చూశావు. నీ చేయి పడబట్టే పిల్ల ఓడ దాకా నిలిచింది." కూలబడింది. నడుముకు చుట్టుకున్న లావాలావా అంచుతో కళ్ళు తుడుచుకుంది. "డాక్టరు అన్నాడే, రెండు రోజుల ముందొస్తే బిడ్డ దక్కేవాడని. మోసే విన్నాడు. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు."

"నీతో ఎందుకు?"

"ఇంకెవరితో? అత్తను నేనే కదా. తీసుకెళ్ళాల్సింది నేను. పిల్ల నా ముందు నొప్పని చెప్పడానికి భయపడిందంటాడు వాడు. నిజమే సలాఫై. కొత్త కోడలు, వంక పెడతానని నవ్వుతూ కూర్చుంది. నేనా నవ్వును మెచ్చుకున్నాను."

నేనూ మెచ్చుకున్నాను. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

కోడిని ఇంకా కోయలేదు. పెరట్లో తిరుగుతోంది.

ఏప్రిల్ 14, సోమవారం

లోసా దగ్గరికి వెళ్ళాను. నాకు నేనుగా. కళ్ళు మూసుకోమంది. ఏదో సన్నని దారంలాంటిదానితో వేళ్ళు తాకుతుందట, తాకినప్పుడల్లా చెప్పాలట. నేను "ఆఁ" అన్నాను, కాసేపాగి "ఆఁ" అన్నాను. మధ్య మధ్యలో అంటూ పోయాను, ఎప్పుడో ఒకప్పుడు సరిపోతుందని.

"పిన్నీ" అంది లోసా, "నేనింకా మొదలెట్టలేదు."

కళ్ళు తెరిచాను. దారం ఇంకా కవరులోనే ఉంది.

"ఎప్పట్నుంచి?"

"ఒక వారం."

లోసా వేలు పొడిచి చూసింది. మాత్రలు మళ్ళీ ఇచ్చింది, మోతాదు పెంచింది. చక్కెర నరాల్ని తినేస్తుందట, పోయినదంతా తిరిగి రాకపోవచ్చట. గుమ్మం దాకా వచ్చి, "నోను రసం తాగితే తాగు పిన్నీ, నేనేం వద్దనను. మాత్ర మాత్రం మానకు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

వారం కాదు. ఇక్కడైనా రాస్తాను. క్రిస్మస్ ముందు నుంచి. గుడికి పూలదండలు కడుతున్నప్పుడు మొదటిసారి సూది జారిపోయింది. ఫిబ్రవరిలో మొదలైనట్టు ఈ పుస్తకంలో రాసుకున్నాను. నాకు నేనే.

ఏప్రిల్ 15, మంగళవారం

మాత్ర వేసుకున్నాను.

ఏప్రిల్ 16, బుధవారం

వేసుకున్నాను. ఐలీని ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళకు చుట్టుదారిన వెళ్ళాను.

ఏప్రిల్ 27, ఆదివారం

ఈస్టరు వెళ్ళింది. ఇవాళ గుడిలో ఐలీని ఒక వరుసలో, మోసే దంపతులు మూడు వరుసల వెనక. ఒకే ఇంటివాళ్ళు. ఊరంతా చూసింది. బయటికొచ్చాక ఆడవాళ్ళు గుసగుసలు, ఐలీని పిసినారితనం వల్లే ఆలస్యమైందని, ఓడ టిక్కెట్టుకు వెనకాడిందని. ఇంతకన్నా అబద్ధం ఉండదు. నేను పక్కనే నిలబడి పాటల పుస్తకం తిరగేస్తున్నాను.

భోజనాలయ్యాక అన్నయ్యను వెనక పాక దగ్గరికి పిలిచి అంతా చెప్పేశాను. డిసెంబరు నుంచి శుక్రవారం దాకా. చేతులు చూపించాను. అవతలి వైపు చూశాడు.

"ఎవరైనా అడిగారా నిన్ను?"

"లేదు."

"మరి? దేవుడిచ్చాడు, తీసుకున్నాడు అనుకుంటున్నారు వాళ్ళు. పోయి కెలకడం ఎందుకు?"

"దేవుడు చేశాడనుకోవడం లేదన్నయ్యా. ఐలీని చేసిందనుకుంటున్నారు."

"నీ నోటితో ఆ మాటంటే మన ఇంటి విద్య పోయినట్టే. అమ్మమ్మది, అమ్మది. నీతో ఆగిపోతుంది."

"ఆగిపోయింది. నేను ఒప్పుకోలేదంతే."

"ఏం చెయ్యమంటావే నన్ను?"

"ఇఫోంగా."

అదిరిపడ్డాడు. చాప కప్పుకుని ఎదుటివాళ్ళ వాకిట్లో కూర్చోవడం, కొట్టినా నరికినా మీ ఇష్టం అని. ఖూనీ జరిగినప్పుడు చేసేది. మా కుటుంబం ఎప్పుడూ చెయ్యలేదు. అదీ ఇంటిపెద్ద కూర్చోవాలి, నేనొక్కదాన్నే కూర్చుంటే చెల్లదు.

"చేతులు నీవి, తల నాదా?" అని అరిచాడు. కొబ్బరిడిప్ప ఎత్తి అవతలికి విసిరాడు. కోడి ఎగిరింది. తర్వాత చాలాసేపు మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆయనకూ అరవై ఎనిమిది. మోకాళ్ళు నేను పట్టేదాన్ని.

"వాళ్ళ అబ్బాయి కోపిష్ఠి" అన్నాడు చివరికి.

"తెలుసు."

"సరే."

మే 6, మంగళవారం

తెల్లవారకముందే వెళ్ళాం. అన్నయ్య ముందు, నేను ఒక అడుగు వెనక. మా అమ్మ పెళ్ళినాటి సన్నచాప, ఆమె తల్లి అల్లింది, అన్నయ్య తల మీద నుంచి నా తల మీదికి కప్పుకున్నాం. ముందు కట్టెలూ, రాళ్ళూ, ఆకులూ పెట్టుకున్నాం. మమ్మల్ని వండుకు తినండి అని అర్థం. చాప లోపల పాత ఎండిన వాసన. అన్నయ్య ఊపిరి వినబడుతోంది.

ముందు కుక్క మొరిగింది. ఎవరో లేచారు. "అమ్మా!" అని మోసే గొంతు. తను మాట్లాడ్డం మానేసిన తల్లిని పిలిచాడు, అది విన్నాను. తర్వాత అడుగులు. చాప అంచు కింద నుంచి వాడి పాదాలూ, పక్కన కొబ్బరికాయలు కొట్టే కత్తి మొనా కనబడ్డాయి.

"ఎవరది? ఎందుకు?"

అన్నయ్య పద్ధతిగా మొదలుపెట్టాడు, పూర్వీకుల పేర్లతో. నేను ఆగలేకపోయాను.

"మోసే, నేను సలాఫైని. మీ అమ్మ తప్పు లేదు. నా వేళ్ళకు స్పర్శ లేదు నాయనా. క్రిస్మస్ నుంచి లేదు. వలేలియా కడుపు గట్టిపడిందో లేదో నాకు తెలియలేదు. తెలియలేదన్న సంగతి తెలిసీ ఆసుపత్రికి వద్దన్నాను. మీ అమ్మ బుధవారమే అడిగింది, తీసుకెళ్ళనా అని. రేపు చూద్దాం అన్నది నేను."

కత్తి మొన కదిలింది. అన్నయ్య వీపు బిగుసుకుంది. నేను మెడ ముందుకు వంచాను. అప్పుడు భయం లేదని రాస్తే అబద్ధం. ఉంది. లావాలావా తడిసింది.

పాదాలు వెళ్ళిపోయాయి. లోపలికి కాదు, తోట వైపు.

తెల్లారింది. ఎండ వచ్చింది. చాప లోపల చెమట. ఊరు మేలుకుని దూరంగా నిలబడి చూస్తోందని తెలుస్తోంది, దగ్గులు, పిల్లల్ని కసురుకోవడం. క్షమిస్తే ఆ ఇంటివాళ్ళే చాప ఎత్తాలి. ఎవరూ ఎత్తలేదు. గుడి గంట మోగింది. అన్నయ్య పక్కకు ఒరిగాడు, భుజంతో ఆనుకోనిచ్చాను.

ఎప్పటికో చాప వెనక్కి జారింది. వెలుగు కళ్ళలో గుచ్చుకుంది. ఐలీని. నిద్రలేని ముఖం. నా ముందు కూర్చుంది, నేల మీదే.

"నాలుగు వారాలు, సలాఫై" అంది. "నాలుగు వారాలు నా కొడుకు నేను వండిన ముద్ద తినలేదు. నీకు కోడి తెచ్చిచ్చాను నేను."

"ఉంది. కోయలేదు."

"కొయ్యాల్సింది దాన్ని కాదు" అంది. చెంప మీద కొట్టింది, ఒకటి, గట్టిగానే. తర్వాత అన్నయ్య రెక్క పట్టుకుని లేపింది. "లేవండి, పెద్దాయనా. మోకాళ్ళు పట్టేస్తే ఇకపై పట్టే దిక్కు కూడా లేదు మీకు."

అన్నయ్య ఏడ్చాడు. నేను ఏడవలేదు. చాప మడిచి ఆమె తీసుకుంది. తీసుకుందంటే ఒప్పుకుందని.

మోసే రాలేదు. సాయంత్రం తోట నుంచి వచ్చి తల్లి పక్కన కూర్చుని తిన్నాడని లోసా చెప్పింది. నా గురించి ఏమన్నాడో చెప్పలేదు. అడగలేదు.

మే 12, సోమవారం

ఒకామె పసివాణ్ణి తెచ్చింది, ఊరు కాని ఊరి నుంచి, సంగతి తెలియక. నా చేతులు పోయాయమ్మా అన్నాను. వైద్యానికి వచ్చినవాళ్ళతో ఈ మాట అనడం ఇదే మొదటిసారి. ఆమె నా చేతుల వైపు చూసింది, ఉన్నాయి కదా అన్నట్టు. లోసా దగ్గరికి చీటీ రాసిచ్చాను.

మే 24, శనివారం

వాన. మధ్యాహ్నం వలేలియా వచ్చింది, ఒక్కతే. ఇంటి స్తంభం పట్టుకుని నిలబడింది. చిక్కిపోయింది. చాప పరిచాను. కూర్చుంది, ఒక చేయి పొట్ట మీద, కుట్లు ఇంకా లాగుతున్నాయేమో. నవ్వలేదు. నాకు అదే నయమనిపించింది.

"పెద్దమ్మా, ఒకటడగాలి. అత్తకు చెప్పకుండా వచ్చాను."

"అడుగమ్మా."

"ఆ గురువారం నా కడుపు మీద చేతులుంచి ఒక మాటన్నావు. 'ఇదిగో, తన్నాడు. బిడ్డ బాగానే ఉన్నాడు' అన్నావు."

అన్నాను. ఇప్పుడే వెనక్కి తిప్పి చూశాను, ఆ రోజు పేజీలో జ్వరం ఉంది, నీళ్ళున్నాయి, ఆకు పట్టు ఉంది. ఈ మాట లేదు. రాయలేదు నేను.

"నీ వేళ్ళకు స్పర్శ లేదని చెప్పావు కదా మొన్న. మరి అది నీకు తెలిసిందా?"

తెలిసిందని చెబితే ఎవరు కాదంటారు? అంత కడుపుతీపి మాట, ఉంచుకుంటే ఉంచుకోనీ అనిపించింది.

"లేదమ్మా. నాకేమీ తెలియలేదు. నీ ధైర్యం కోసం అన్నాను."

తల ఊపింది, మెల్లగా, ముందే ఊహించినట్టు.

"వాడు తన్నాడు పెద్దమ్మా. సరిగ్గా నువ్వన్నప్పుడే. చిన్నగా. ఆ తర్వాత మళ్ళీ కదిలాడో లేదో నొప్పిలో నాకు తెలియదు. మోసే చేయి పెట్టినప్పుడెప్పుడూ తన్నలేదు. నీకు తెలిసిందనుకున్నాను. నాతో పాటు ఇంకొకరికి తెలుసుననుకున్నాను ఇన్నాళ్ళూ."

నా వేళ్ళ వైపు చూసింది.

"అయితే నాకొక్కదానికే తెలుసన్నమాట" అంది.

వాన చూస్తూ చాలాసేపు కూర్చుంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కనే కూర్చున్నాను.